పూర్వపక్షం దగ్గర ఆగినవాడు

ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పగలిగాకే దాన్ని ఖండించే అర్హత వస్తుందని ముప్పై ఏళ్లు కళాశాలలో తర్కం చెప్పాను. ఆ మొదటి భాగం పూర్వపక్షం. దాన్ని ఖండించి నిలబెట్టేది సిద్ధాంతం. ఉమామహేష్‌కూ అదే నేర్పాను.

అతనిది భీమిలి దారిలో సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. వాళ్లు పడవలు లాగిపెట్టుకునే ఇసుకలో గోదాములు కడతామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణలో ఊరి తరఫున మాట్లాడే పని పెద్దలు అతనికి అప్పగించారు. తల్లి తవిటమ్మ మా వీధిలో చేపలు అమ్ముతుంది.

"మావోడికి మాటలు నేర్పండమ్మా. ఆ ఇసుక పోతే పడవని నెత్తిమీదెట్టుకోవాల" అంది.

మూడు వారాలు వచ్చాడు. కంపెనీ తరఫు వాదం నేనే రాశాను: చేప దూరమైంది, కుర్రవాళ్లు వేటకు పోవడం లేదు, సగం పడవలు ఏడాదిలో ఎక్కువ రోజులు బోర్లా పడి ఉంటున్నాయి. ఒక్క సాయంత్రంలో పూర్తయింది. దానికి జవాబు రాయడానికి ఆరు రోజులు పట్టింది. ఆ తేడా గమనించాను, గమనించనట్టు ఉండిపోయాను.

సభలో ఉమామహేష్ పూర్వపక్షాన్ని తడబడకుండా చెప్పాడు. కంపెనీవాళ్లు తలలూపారు. నాకు గర్వం కలిగింది. ఇక "అయినా" అంటాడు. ఆ మాటతోనే మా జవాబు మొదలవుతుంది. అతను మంచినీళ్లు తాగి, నమస్కారం పెట్టి, కూర్చున్నాడు.

"గ్రామ ప్రతినిధి అనుకూలం" అని అధికారి రాయించాడు. పల్లె జనం గగ్గోలు పెట్టారు. నేను లేచాను.

"మీది ఏ ఊరమ్మా?" అన్నాడు అధికారి.

చెప్పాను.

"ఊరివాళ్ల మాటే రాస్తాం. కూర్చోండి."

షామియానా వెనక అతన్ని పట్టుకున్నాను.

"ఉద్యోగం ఇస్తామన్నారా?"

"అన్నారు మేడమ్. సేరతాను కూడా."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే మీరు వాదిస్తారు." అతని గొంతులో వెటకారం లేదు. "మీ జవాబు పదిసార్లు సదివేను. దాన్ని మీరే నమ్మలేదు. ముందు రాసింది మాత్రం నమ్మి రాసేరు."

మోసం చేసినవాడి నోట ఇంత సరైన మాట వినవలసి వస్తుందని అనుకోలేదు.

తవిటమ్మ వచ్చింది. కొడుకు వైపు చూడలేదు.

"ఆడు సెప్పిందంతా మీ రాతేనంట కదమ్మా. అది నిజవేనా? ఆ ఇసుక మాకింక అక్కర్లేదా?"

"కాదు, తవిటమ్మా. అది నిజం కాదు."

కారణం ఒక్కటీ చెప్పలేదు. ఆమె అడగలేదు. కొంగు నడుముకు దోపుకుని మైకు వైపు నడిచింది.

ఉమామహేష్ తల్లిని చూస్తూ నిలబడ్డాడు.

"నన్ను ఒప్పించినట్టే అమ్మని కూడా ఒప్పించేసేరు మేడమ్" అన్నాడు.