భయం గీత

ఆదివారం పొద్దున కలుసుకున్నప్పుడు ఆ మగమహారాజులు ఒకరి మొహం ఒకరు చూసుకోరు, టైర్లు చూసుకుంటారు. ఊరి బయట కాఫీ బండి దగ్గర మోటారుసైకిళ్ళు వరసగా నిలబెట్టి, పొట్టలు అడ్డమొస్తున్నా సరే, వంగి మరీ వెనక టైరు అంచులు పరీక్షిస్తారు. మలుపుల్లో బండిని బాగా వాల్చేవాడి టైరు అంచుదాకా అరుగుతుంది. జంకేవాడి టైరుకి రెండు పక్కలా రోడ్డు తగలని పట్టీ మిగిలిపోతుంది. దాన్ని వాళ్ళు భయం గీత అంటారు. కళ్ళద్దాల దుకాణం ఆసామి ఈ గుంపుకి పెద్ద. అందరూ ఆయన్ని కెప్టెన్ అంటారు. ఏ ఓడకి కెప్టెనో అడిగినవాళ్ళు లేరు.

కెప్టెన్‌ది కాక, భయం గీత బొత్తిగా లేని టైరు ఆ గుంపులో ఒక్క ఫర్నిచర్ షోరూమ్ మేనేజరుది. "చూడ్డానికి సాధువు, రోడ్డెక్కితే పులి" అని కెప్టెన్ ఆయన భుజం తట్టేవాడు. మేనేజరు తలొంచుకుని ముసిముసిగా నవ్వేవాడు. అది వినయమని అందరూ అనుకున్నారు. ఆ టైరుని అరగదీసింది ఆయన భార్య.

ఇంట్లో ఉన్నది ఒకటే బండి. ఆమె కొండమీది ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. విరిగిన కాళ్ళని మళ్ళీ నడిపించడం ఆమె పని. ఎండనక వాననక రోజూ ఆ బండి మీద మెలికల కొండదారి ఎక్కి దిగేది ఆమె. ఈయనగారు ఆదివారం నాడు గీత గీసినట్టుండే హైవే మీద కాఫీకి వెళ్ళొచ్చి, "మన అంచులు చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు" అని చెప్పేవాడు. మొదట్లో ఆమె నవ్వి ఊరుకుంది. అంత ఊరుకోవాల్సింది కాదు.

టైర్లు అరిగిపోయాక ఆమె చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "మళ్ళీ ఇవే వేయించండి. గాట్లు లోతుగా ఉండాలి. వానలో నీళ్ళు పోవాలి కదా."

ఆయన వేయించుకొచ్చినవి రేసు టైర్లు. అరచెయ్యిలా నున్నగా ఉన్నాయి, అక్కడక్కడా నామమాత్రంగా నాలుగు గాట్లు. "కెప్టెన్ చెప్పారు, ఇవి రోడ్డుని జిగురులా పట్టుకుంటాయట" అన్నాడు. బాగా వేడెక్కితేనే పట్టుకుంటాయని కూడా కెప్టెన్ చెప్పాడు. ఆ ముక్క ఈయన ఇంటిదాకా మోసుకురాలేదు.

మర్నాడే, చలిగా తుంపర పడుతున్న పొద్దున, కొండదారి నాలుగో మలుపులో వెనక చక్రం సబ్బుబిళ్ళలా జారిపోయింది. ఆమె మోచెయ్యి చెక్కుకుపోయింది, మోకాలు వాచింది. ఆ పూట రోగులే ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఇంటికొచ్చి చెబితే మొగుడు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "టైరు వేడెక్కకముందే తొందరపడి ఉంటావు" అన్నాడు. మోచెయ్యి సంగతి ఆ తర్వాత అడిగాడు.

ఆమె బస్సెక్కడం మొదలుపెట్టింది. కొండ కింద దిగి, ఆ మోకాలితోనే పైకి నడిచేది. టైరు నడిమధ్య బల్లపరుపుగా అరుగుతూ వచ్చింది గానీ, అంచుల మీద కొత్త టైరుకుండే సన్నటి రబ్బరు వెంట్రుకలు చాలావరకు అలాగే ఉండిపోయాయి. గుంపు అది చూడనే చూసింది. "ఏం మేనేజరుగారూ, పులికి జలుబు చేసిందా?" అన్నాడు కెప్టెన్.

ఆ వారంలోనే ఆమెకి వెనక వరండాలో నల్లటి పొడి కనిపించింది. తలెత్తి చూస్తే మొగుడు పీట మీద కూర్చుని, షోరూమ్‌లో బల్లలు నునుపుచేసే గరుకు కాగితంతో టైరు అంచులు రుద్దుతున్నాడు. పరీక్షలో చూసి రాస్తూ దొరికిపోయిన పిల్లాడి మొహం పెట్టాడు.

"గీతలు పడుతున్నాయి. రోడ్డు మీద అరిగితే ఇలా ఉండదు, తెలిసిపోతుంది" అని గొణిగి, గొంతు తగ్గించాడు. "నువ్వోసారి కొండమీదికి తీసుకెళ్ళకూడదూ? ఒక్క వారం చాలు."

"నేను పడితే?"

"మెల్లగా వెళ్ళు."

"మెల్లగా వెళ్తే అంచులెలా అరుగుతాయి?"

తనతో కాపురం చేస్తున్న మనిషి కాలూచెయ్యీ కంటే ఈయనకి రబ్బరు వెంట్రుకలు ఎక్కువైపోయాయని ఆమెకి అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "రేపు మీరే నన్ను ఆసుపత్రిలో దింపండి. అంచులు అవే అరుగుతాయి" అంది.

మర్నాడు చక్కటి ఎండ. ఊళ్ళో ఉన్నంతసేపూ మేనేజరు బండి నడపడం గురించి ఉపన్యాసం దంచాడు. మొదటి మలుపులో ఉపన్యాసం ఆగింది. మూడో మలుపులో కూరల మోపెడ్ మీద ఒక ముసలమ్మ వీళ్ళని దాటిపోయింది. నాలుగో మలుపులో ఆయన రెండు కాళ్ళూ కిందకి దించేసి, బాతులా అడుగులేసుకుంటూ వెళ్ళి ఓ పక్కన ఆపేశాడు. మెడ వెనక చెమట కారుతోంది.

"నేను పడింది ఇక్కడే" అంది ఆమె. "ఎండలో మీరు దాటలేని మలుపుకి నన్ను వానలో పంపారు. మళ్ళీ పంపబోయారు."

ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "భయమేసింది" అన్నాడు చివరికి.

ఇన్నేళ్ళలో ఆ బండి గురించి ఆయన చెప్పిన నిజం అదొక్కటే. ఆమెకి కాస్త జాలి కలిగింది. అయితే ఆ జాలి అసహ్యాన్ని మింగేసేంత పెద్దది కాదు. సాయంత్రం ఇద్దరూ వెళ్ళి లోతు గాట్ల మామూలు టైర్లు వేయించుకున్నారు.

ఆదివారం కాఫీ బండి దగ్గరికి బండి నడిపింది ఆమె. మొగుడు వెనక కూర్చున్నాడు. కెప్టెన్ అలవాటుగా వంగి చూసి నవ్వాడు. "ఇదేంటి మేనేజరుగారూ, అంగుళం భయం కనబడుతోంది."

"నెలాఖరుకల్లా అరిగిపోతుంది లెండి" అన్నాడు మేనేజరు, ఓరకంట భార్యని చూస్తూ.

మొన్న నాలుగో మలుపులో చెమటలు కక్కిన మనిషి ఇతనేనా అనిపించింది ఆమెకి. ఇక ఆయన మొహం చూడబుద్ధి కాక, చూపు పక్కకి తిప్పుకుంది. పక్కనున్నది కెప్టెన్ బండి. దాని వెనక టైరు అంచుల మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే వాలుగా, రుద్దిన చెయ్యి ఎటునుంచి ఎటు కదిలిందో తెలిసేలా ఉన్నాయి. వరండాలో నల్లపొడి ఊడ్చిన మనిషికి అవేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"కాగితం మరీ గరుకుది వాడినట్టున్నారు కెప్టెన్‌గారూ" అంది మెల్లగా. "కాస్త సన్నరకం తీసుకోండి. మా ఆయన షోరూమ్‌లో దొరుకుతుంది."

కెప్టెన్ మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు. గుంపులో ఒక్కొక్కడూ జరిగి, తన టైరుకి అడ్డంగా నిలబడ్డాడు. మేనేజరు మాత్రం వంగి, ఇన్నేళ్ళుగా తను కళ్ళకద్దుకున్న కెప్టెన్ టైరు అంచుల్ని మొదటిసారి దగ్గరగా చూశాడు.

ఆమె బండి స్టార్టు చేసింది. "వస్తారా, ఇక్కడే ఉంటారా?"

ఆయన వచ్చి వెనక కూర్చున్నాడు.