గొల్లపల్లి గోల్డ్ కస్టమర్

పొద్దున్నే రబ్బరు బ్యాండ్ల మీద తగువు మొదలైంది. కూరగాయల కట్టలకు వచ్చినవన్నీ రాణి వంటింటి గొళ్లేనికి తగిలించి దాచుకుంటుంది. ఈ రోజు చూస్తే ఒక్కటీ లేదు.

"నా రబ్బర్లు ఎవ్వరు తీసిండ్రు?"

"గిఫ్టు ప్యాకెట్లకు నేనే తీసుకున్ననే అమ్మా. రబ్బర్లకే గింత లొల్లా?" అన్నాడు కొడుకు దివాకర్.

"దుకాణంల కుప్పలు పడి ఉంటయి. నా గొళ్లెమే దొరికిందా నీకు?"

"మీ అమ్మకు గదే బ్యాంకు లాకర్‌రా," అని నవ్వాడు భర్త సాయిలు.

జగిత్యాలలో వాళ్లది బట్టల దుకాణం. ఇరవై ఏళ్లు రాణి గల్లా పక్కనే కూర్చుంది. ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు, తర్వాత ఇంటి ముచ్చట, ఆ తర్వాతే చీరలు. కిందటేడాది దివాకర్ కంప్యూటరు పెట్టి, ఫోన్ నంబరు చెబితే పాయింట్లు పడే పద్ధతి తెచ్చాక ఆమె ఇంటిపట్టునే ఉండిపోయింది. ఎక్కువ కొన్న గోల్డ్ కస్టమర్లకు కానుకలు ఎంచి సర్దే పని మాత్రం ఆమెకు మిగిలింది.

పోయిన వారం జాబితాలో గొల్లపల్లి మొగిలవ్వ పేరు చూసి రాణి పొంగిపోయింది. పెళ్లయిన కొత్త నుంచీ మొగిలవ్వ వేరే దుకాణం మెట్లెక్కలేదు. అందరికీ పెట్టే కుంకుమ భరిణెతో పాటు ఆమెకని డజను ఆకుపచ్చ గాజులు పెట్టి పంపింది. రెండు-ఆరు సైజు. ఎవరినీ అడగనక్కర లేకపోయింది.

పదకొండింటికి ఆ ప్యాకెట్టు పట్టుకొని మొగిలవ్వ కూతురు ప్రవళిక వచ్చి గడప బయటే నిలబడింది.

"లోపటికి రా బిడ్డా. అమ్మ మంచిగున్నదా?"

"బాపు పోయి ఇరవై రోజులాయె చిన్నమ్మా."

రాణి గడప దాటి పిల్ల దగ్గరికి వచ్చింది.

"దినాలకు బట్టలన్నీ మీ దగ్గర్నే తీసుకున్నం. మా మామ వచ్చి అమ్మ నంబరే చెప్పిండు. గీ గాజులు అమ్మకు సరిగ్గ సరిపోతయి. పట్టుకొని పొద్దంత ఏడ్సింది."

ప్యాకెట్టు చేతిలో పెట్టి పిల్ల వెళ్లిపోయింది. ప్యాకెట్టుకున్న రబ్బరు తీసి గొళ్లేనికి తగిలించబోయి, రాణి మళ్లీ ప్యాకెట్టుకే చుట్టింది.

మధ్యాహ్నం తండ్రీకొడుకులు అన్నానికి కూర్చున్నాక జరిగింది చెప్పింది. దివాకర్ కలిపిన ముద్ద వదిలేశాడు.

"పెద్ద బిల్లు కదనే, పెండ్లి అనుకున్న. ఎందుకని అడుగలే."

నేనుంటే అడుగుదును అనబోయి రాణి ఆగింది. కానుక సర్దేటప్పుడు తానైనా ఎవరిని అడిగింది? సైజు గుర్తుందన్న సంబరమే సరిపోయింది.

"మంచి చీర ఒకటి పంపుదమా? మళ్ల మన దుకాణంకు రాకుంటే ఎట్ల?" అన్నాడు దివాకర్.

"ఏం పంపద్దు. ఆమె పేరు గా కంప్యూటర్ల కెల్లి తీసెయ్యి. పండుగకు సుత ఆమె ఫోన్‌కు ఏ మెసేజీ పోవద్దు. రేపు పొద్దుగాల బస్సుకు నేను గొల్లపల్లి పోతున్న, ఉట్టి చేతులతోటి. దుకాణం ముచ్చట అసలే ఎత్తను. రమ్మంటే లోపటికి పోత. లేకుంటే వాకిట్లనే కూసుంట."