వీపు బల్లకు ఆనించి

ఇలా దగ్గరికి జరుగు, నయేలీ. ఆ మొక్కజొన్న పొత్తులు తర్వాత ఒలుద్దువుగాని, ముందు ఇది విను.

నాకప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు. కయాంబే ఊళ్లో గులాబీ తోటలో పువ్వులు కోసేదాన్ని. కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవాలన్నా, ఉతికిన దుప్పటి తీగ మీద వెయ్యాలన్నా ప్రాణం పోయేది. "పువ్వులు కోస్తే నొప్పేంటే? సిమెంటు బస్తాలు మోస్తున్నావా?" అనేవాడు మీ తాత సెగుండో. మా అత్తయితే, "ఏడుగుర్ని కన్నాను, ఏనాడైనా భుజం అన్నానా?" అనేది. ఆ మాటలు పడలేక ఒక కిటుకు నేర్చుకున్నాను. చెయ్యి ఎక్కడ ఆగిపోతే అక్కణ్ణించి నడుం వెనక్కి వంచేసేదాన్ని. చూసేవాళ్లకు చెయ్యి పూర్తిగా లేచినట్టే ఉండేది.

ప్రేమికుల రోజుకు లారీలు నిండాలి కదా, జనవరిలోనే తోట డాక్టరు భుజం పరీక్షకు పిలిచాడు. చెయ్యి లేవదంటే పనిలోంచి తీసేస్తారేమో. లేస్తుందంటే రోజుకు పద్నాలుగు గంటల కోత, ఆ చెయ్యి ఇక నాది కాదు.

"నోరు మూసుకుని ఎత్తు," అన్నాడు మీ తాత, నేను బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర.

"పూల కాలం రాగానే అందరికీ భుజాలే," అంటూ డాక్టరు చెయ్యి ఎంత లేస్తుందో కొలిచే రెండు రెక్కల కొలబద్ద తీశాడు. నా మోచెయ్యి పట్టుకుని తనే పైకి నెట్టాడు. కళ్లకు చీకట్లు కమ్మాయి. భయంలో నా నడుం దానంతటదే వంగిపోయింది.

"నూట డెబ్భై డిగ్రీలు! భేషుగ్గా ఉంది, సోయిలా. రేపు కత్తెర పట్టుకో."

రాయబోయాడు.

"అది నా నడుం, డాక్టరు గారూ. మిగతాది మీ చెయ్యి."

"ఏంటమ్మా?"

వెల్లకిలా పడుకుంటే నడుం మోసం చెయ్యడానికి వీల్లేదని, రోజూ అలా పడుకునేదాన్ని నాకు తెలియదూ! బల్ల ఎక్కి, మోకాళ్లు మడిచి, వీపు ఆనించాను. "నన్ను ముట్టుకోకండి. నేనే ఎత్తుతాను. ఆగినచోట కొలవండి."

తొంభై ఐదు దగ్గర ఆగింది. పళ్లు బిగబట్టి అలాగే ఉంచాను, ఆయన ఆ అంకె రాసేదాకా.

ఇంటికొచ్చేసరికి మీ తాత, "ఎత్తావా?" అన్నాడు.

"ఎంత లేస్తుందో అంతే ఎత్తాను."

పని ఉంటుందో ఊడుతుందో అప్పటికింకా తెలియదు. ఇది గుర్తుపెట్టుకో తల్లీ, నీ కూతుళ్లకూ చెప్పు. మా అమ్మమ్మ ధైర్యవంతురాలని చెప్పకు. భయపడుతూనే నిజం చెప్పిందని చెప్పు.