చేపల చెరువు గట్టు మీద సమాధి

వట్లూరులో తాను పాస్టరు చదువు చదివిన సెమినరీ పాత భవనాన్ని పడగొడుతున్నారని తెలిసి ఏసుకుమార్ చూడటానికి వెళ్ళాడు. అప్పటికే పెంకుల కప్పు దించేశారు. ప్రార్థనశాల గోడలు, వంటశాల మెట్లు మాత్రం మిగిలాయి. చదువుకునే రోజుల్లో ఆ మెట్ల మీద కూర్చునే పొద్దున్నే పళ్ళేల్లో ఉప్మా తినేవాళ్ళు. హార్మోనియం నేర్చుకునేవాళ్ళ అపస్వరాలు వరండా పొడుగునా వినపడేవి. ఇప్పుడు అక్కడ ఇటుకల దుమ్ము లేస్తోంది. 

పుట్టగానే తల్లి దేవుడికి ఇస్తానని మొక్కుకుంది కాబట్టి అతను సెమినరీలో చేరాడు. తోటివాళ్ళు తమకు దేవుడి పిలుపు ఎలా వచ్చిందో సాక్ష్యం చెప్పేవాళ్ళు. ఒకడికి జ్వరంలో వచ్చింది, ఇంకొకడికి పొలంలో మందు కొడుతుండగా వచ్చింది. ఏసుకుమార్‌కి ఎప్పుడూ ఏదీ వినపడలేదు. తన వంతు వస్తే తల దించుకునేవాడు. అయితే ప్రసంగం చేయడమంటే అతనికి ప్రాణం. హాస్టల్ డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకుకు ప్రసంగాలు చెప్పేవాడు. తాడేపల్లిగూడెంలో పెద్ద చర్చి, మైకు, నిండిన బెంచీలు కళ్ళముందు ఆడేవి.

వాళ్ళకు సంఘ విధులు నేర్పింది గంగాధరరావు మాస్టారు. బాప్తిస్మం, పెళ్ళి, సమాధి, అన్ని క్రమాలూ, అంటే ఆయా సందర్భాల్లో పాస్టరు చదివే మాటలన్నీ, పుస్తకం మూసి ఒప్పజెప్పాలనేవారు. చూసి చదవడానికి పుస్తకం ఉండగా ఈ బట్టీ ఎందుకని పిల్లలు చాటున నవ్వుకునేవారు. అందరికంటే ఎక్కువ విసుక్కున్నది ఏసుకుమారే.

ఆ ఏడు కొల్లేరు పొంగింది. ఒకరోజు మాస్టారు అతన్ని ఆఫీసు గదికి పిలిపించారు. మండవల్లి అవతల ఒక లంకలో విశ్వాసి చనిపోయాడని, ఆ సంఘానికి పాస్టరు లేడని, వెళ్ళి సమాధి చేసి రమ్మని చెప్పారు.

“నేనింకా చదువుతున్నానండీ,” అన్నాడు ఏసుకుమార్.

“చదివింది చాలు. బయల్దేరు,” అన్నారు మాస్టారు.

బస్సులో దారి పొడుగునా మంచి ప్రసంగం తయారు చేసుకున్నాడు. రోడ్డు మునిగిన చోట దిగి పడవెక్కాడు. లంకలో చర్చి అరుగు ఒక్కటే నీటికి పైన ఉంది. దాని మీద శవం పక్కన సత్యవతి కూర్చుని ఉంది. పోయినవాడు ఆమె భర్త. వాళ్ళ సమాధుల దొడ్డి నీళ్ళలో ఉంది. చుట్టుపక్కల గజం పొడినేల లేదు. ఏం చేయాలో పెద్దలకు తోచలేదు.

అప్పుడు తాతాజీ అనే రైతు పడవ మీద వచ్చాడు. పోయినవాడు ఆయన చేపల చెరువులో పనిచేసేవాడు. చెరువు గట్టు మీద శవాన్ని పెట్టడం అరిష్టమని ఇంట్లో పెద్దవాళ్ళు వద్దన్నారట. ఆయన వినలేదు.

“మనిషిని నీళ్ళపాలు చేయలేం కదండీ. మా చెరువు గట్టు తూర్పు మూల ఎత్తుగా ఉంది. అక్కడ పెట్టుకోండి,” అన్నాడు.

గట్టు మీద గొయ్యి తవ్వారు. జనం పడవల్లోనే నిలబడ్డారు. వాన పడుతోంది, పుస్తకం తీస్తే తడిసిపోతుంది. ఏసుకుమార్ సత్యవతి ముఖం చూశాడు. తయారు చేసుకున్న ప్రసంగంలో ఒక్క మాటా నోటికి రాలేదు.  అంతలో బట్టీ పట్టిన సమాధి క్రమం దానంతట అదే పైకి వచ్చింది. ఎక్కడా తడబడకుండా చివరిదాకా చెప్పాడు. మాస్టారి గొంతులోని ఆగే తీరూ విరుపులూ కూడా తన గొంతులోకి వచ్చాయి. తానే సొంతంగా మాట్లాడి ఉంటే ఆమెకు అబద్ధంగా వినపడేదని అప్పుడే అతనికి అర్థమైంది.

అంతా అయ్యాక సత్యవతి చేతులు కడుక్కుని దగ్గరికి వచ్చింది. “అయ్యగారూ, వచ్చే ఆదివారం కూడా వస్తారాండీ?” అని అడిగింది.

అతన్ని అయ్యగారూ అని పిలిచిన మొదటి మనిషి ఆమె. ఆలోచించకుండానే వస్తానన్నాడు.

అలా వెళ్ళి వెళ్ళి, చదువయ్యాక అక్కడే ఉండిపోయాడు. తాడేపల్లిగూడెం చర్చివాళ్ళు సహాయ పాస్టరుగా రమ్మన్నా వెళ్ళలేదు. బడి పిల్లలకు పడవ ఏర్పాటు చేయించాడు. వరద వస్తే చర్చి అరుగే ఊరందరి వంటశాల. తాతాజీ గట్టు వెడల్పు చేయించినప్పుడు తానే పొక్లెయిన్ డ్రైవరు పక్కన నిలబడి, సమాధి ఉన్న ఆ తూర్పు మూల ముట్టుకోనివ్వలేదు.

వట్లూరు నుంచి ఏసుకుమార్ తాడేపల్లిగూడెం వెళ్ళాడు. రిటైరైన మాస్టారు అక్కడే ఉంటున్నారు. ఇద్దరూ భవనం సంగతి చెప్పుకున్నారు. తర్వాత, ఇన్నేళ్ళూ మనసులో ఉన్నది ఏసుకుమార్ అడిగాడు.

“అంతమందిలో నన్నే ఎందుకు పంపారండీ ఆ రోజు? నాలో ఏం చూశారు?”

మాస్టారు గుర్తు చేసుకుని నవ్వారు. “ఎంతమందిలోరా? దసరా సెలవులు. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. మీ ఊరి దారి మునిగిందని నువ్వొక్కడివే హాస్టల్లో మిగిలావు.”

ఏసుకుమార్‌కి ఒక్కక్షణం మనసు చివుక్కుమంది. మాస్టారు తనలో ఏదో చూశారని, అదే తన పిలుపని ఇంతకాలం నమ్మాడు. ఆ మాటే చెప్పాడు.

“నేను నిన్ను బస్సెక్కించానంతే,” అన్నారు మాస్టారు. “రమ్మని పిలిచింది ఆ సత్యవతి కదూ.”

 కుర్రతనం నాటి బెరుకేదో వదిలినట్టు ఏసుకుమార్ తేలికపడ్డాడు. ఇక లంక గురించి మాస్టారు అడుగుతూ ఉంటే, బస్సు వేళ దాటినా చెబుతూ కూర్చున్నాడు. కొత్త భవనంలోని విద్యార్థులను శనివారాలు లంకకు పంపమని ప్రిన్సిపాల్‌కి చెబుతానని మాస్టారు మాటిచ్చారు.

తర్వాతి నెలలో మొదటి జట్టు వచ్చింది. పడవ ఊగితే ఒకరినొకరు పట్టుకున్నారు. ఒకమ్మాయి చెప్పు నీళ్ళలో పోయింది. జుట్టు నెరిసిన సత్యవతి వాళ్ళందరినీ చర్చి అరుగు మీద కూర్చోబెట్టి, ముళ్ళు చూసుకుని తినండమ్మా అంటూ చేపల పులుసు వడ్డించింది.