ఖైరున్ చేతుల మీది పుస్తకం

వానాకాలం వెళ్లి ఎండ గట్టిపడగానే ఖానాపూర్‌లో తురాబ్ అలీ సాబ్ పుస్తకాలు వాకిట్లోకి వచ్చేవి. తాతల కాలం నుంచి ఆ ఇంటి ముందుగదే కుతుబ్‌ఖానా. అందులో చేతిరాత అరబ్బీ, ఫారసీ పుస్తకాలు బట్టమూటల్లో ఉండేవి. సాబ్ కూతురు ఖైరున్నిసా వాకిలి ఊడ్చి, తెల్ల దుప్పట్లు పరిచి, మూటలు విప్పి పుస్తకాలు తెరిచి పెట్టేది. కాసేపటికి వెచ్చదనం తగిలి అక్షరాలు పేజీల మీంచి దిగి దుప్పట్ల మీద ఎండ కాగేవి. దారిన పోయేవాళ్లు చూసుకుని అడుగేసేవాళ్లు. పక్కింటి దేవవ్వ తన కోళ్లను గంప కింద మూసేది, ఎందుకంటే ఒక ఏడు ఆమె పుంజు చీమలనుకుని ఒక వాక్యం మింగేసి, తర్వాతి పండగ దాకా కూయనే లేదు. పొద్దు వాలి అసర్ నమాజుకు అజాన్ వినబడగానే అక్షరాలన్నీ ఎవరి పేజీకి అవి వెళ్లిపోయేవి. అప్పటిదాకా పుస్తకం మూయకూడదు. మూస్తే అవి అలుగుతాయి, మళ్లీ ఆ పుస్తకం ముఖం చూడవు.

ఇదంతా ఖైరున్‌కు చేతికి వచ్చిన పని. కానీ అన్ని పుస్తకాల్లో ఆమెకు ఒక్క అక్షరం రాదు. చిన్నప్పుడు తండ్రి ముందుగదిలో కొడుకులకు అరబ్బీ చెబుతుంటే తనూ వెళ్లి కూర్చుంది. ఆయన లేచి గుమ్మానికి పరదా కట్టాడు. ఆడపిల్లకు నమాజు చాలు, అది విని నేర్చుకోవచ్చన్నాడు. పరదా లోపల కొడుకులు కునికిపాట్లు పడ్డారు. పెద్దయ్యాక మందమర్రిలో బొగ్గుబాయి పనికి కుదిరి పుస్తకాల వంకే చూడలేదు. మొగుడు పోయి ఖైరున్ పుట్టింటికి తిరిగొచ్చేసరికి పరదా రంగు వెలిసింది గానీ, ఉన్నచోటే ఉంది.

డెబ్బై రెండులో సాబ్ చూపు పూర్తిగా పోయింది. అదే ఏడు పట్నంలోని సర్కారు గ్రంథాలయం నుంచి కబురు వచ్చింది. ఇంట్లో చదివే మనిషి ఉంటేనే పుస్తకాలు ఇక్కడ ఉంటాయి, లేకపోతే తీసుకెళ్లి భద్రం చేస్తామన్నారు. ఆ మాట విన్నాక సాబ్‌కు అన్నం సయించలేదు. పుస్తకాలు పోతే ఆయనకు ఈ ఊళ్లో మిగిలేదేమీ లేదు.

వాళ్లు వచ్చే ముందు ఒకసారి ఎండకు పెడదామన్నాడు. మధ్యాహ్నం ఖైరున్ వేపాకు కోసం పెరట్లోకి వెళ్లింది. గోడ అవతల దేవవ్వ ఉతికిన చీర విదిలించింది. సాబ్ ముఖం మీద నాలుగు చుక్కలు పడ్డాయి. వాన అనుకున్నాడు. కూతుర్ని పిలిచి అడిగే ఓపిక లేక, చేతికందిన పుస్తకాన్ని మూసేసి గుండెకు హత్తుకున్నాడు. అది ఆయన ముత్తాత రాసింది, గుర్రాల రోగాలకు వైద్యం చెప్పే అరబ్బీ పుస్తకం.

అజాన్ అయింది. తక్కిన అక్షరాలు ఇళ్లకు చేరాయి. గుర్రాల పుస్తకానివి మాత్రం దుప్పటి మీద అటూ ఇటూ తిరిగి, చివరికి దాన్ని మడత పెడుతున్న ఖైరున్ వేళ్ల మీదుగా ఎక్కి, మోచేతుల దాకా వరసలు కట్టి కూర్చున్నాయి. సంగతి తెలిసి సాబ్ కూతురి చేతులు తడిమాడు. సిరాకు మందం ఉండదు. ఆయన వేళ్లకు చర్మమే తగిలింది.

గోడ మీంచి చూసిన దేవవ్వ, "నా చీర నీళ్లే గావచ్చు సాబ్," అని నొచ్చుకుంది.

పట్నం వాళ్లు లారీతో వచ్చారు. వాళ్లలో పెద్దాయన మర్యాదస్తుడే. ఒక పుస్తకం తెరిచి ముందు పెడితే తురాబ్ సాబ్ గడగడా అప్పజెప్పాడు, కానీ అది వేరే పేజీ. పెద్దాయన ఆ మాట పైకి అనకుండా ఖైరున్ వైపు తిరిగాడు.

"అమ్మా, నీ చేతుల మీదున్నది ఒక్క వరస చదువు. చాలు. పుస్తకాలు ముట్టకుండ పోతం."

ఖైరున్ తన చేతులు చూసుకుంది. తర్వాత పరదా వంక చూసింది.

"నాకు రాదు సాబ్," అంది.

ఎందుకు రాదో ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే తండ్రికి కాస్త తేలికయ్యేదేమో.

సాయంత్రానికి గది ఖాళీ అయింది. తెల్లకాగితాలు మాకెందుకని గుర్రాల పుస్తకాన్ని మాత్రం వదిలేసి పోయారు.

మర్నాడు పొద్దున్నే సాబ్ తడుముకుంటూ వెళ్లి పరదా లాగేశాడు. మేకులతో సహా ఊడొచ్చింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అరచేయి చాపాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూనే గానీ, మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"మణికట్టు కాడ మొదటిది ఎట్లున్నదో గీయి, బేటీ."

ఆమె వేలితో నిలువుగా ఒక గీత గీసింది.

"అలిఫ్," అన్నాడు. అరబ్బీ అక్షరాల్లో మొదటిది అది, ఆ పూటకు పాఠం అంతే.

అలా ఆమె గీస్తే ఆయన పేరు చెప్పేవాడు. పేర్లు కలిపి మాట చేసేవాడు, మాటకు అర్థం చెప్పేవాడు. ఆ పుస్తకం ముఖం ఇక చూడబోమని అలిగిన అక్షరాలు, తమను చదివిన మనిషి అడిగితే కాదనలేకపోయాయి. చదివిన వరస చదివినట్టే ఆమె చేతి మీంచి దిగి పేజీలో సర్దుకుంది. ఆమె గుర్రాల వైద్యం చదివి చెబుతుందని తెలిసి నిర్మల్ దాకా ఉన్న టాంగా వాళ్లు కుంటి గుర్రాలనూ దగ్గు గుర్రాలనూ తోలుకొచ్చారు. అన్నల దయ మీద బతకాల్సిన మనిషి గుర్రాల ఖైరున్ అయింది. అన్ని పుస్తకాలూ పోయి గుర్రాలదొక్కటే మిగలడం ఏమిటని ఊళ్లో నవ్వుకున్నారు. తురాబ్ సాబ్ ఏనాడూ నవ్వలేదు.

ఒక చలికాలం ఆయన మంచం పట్టాడు. ఖైరున్ మోచేతి దగ్గర ఆఖరి వరస మిగిలింది. దాన్ని ఆమె ఎవరినీ అడక్కుండా, ఎక్కడా ఆగకుండా పైకి చదివింది. రాసిన చేతినీ చదివే నోటినీ అల్లా చల్లగా చూడాలని ముత్తాత రాసుకున్నాడు.

సాబ్ గుమ్మం వైపు ముఖం తిప్పాడు. "పరదా కట్టకపోతే, ఆనాడు లారీ ఖాళీగ పోతుండె బేటీ."

అదేం లేదు అబ్బాజాన్ అనొచ్చు. ఆమె అనలేదు. వరస పేజీలోకి దిగేదాకా చూస్తూ కూర్చుంది.

ఆయన అరచేయి అలవాటు కొద్దీ చాపే ఉంది. ఖైరున్ చేతుల మీద గీసి చూపడానికి ఇక ఏమీ మిగల్లేదు. అయినా ఆ చేతిలో నిలువుగా ఒక గీత గీసింది. ఈసారి ఆ వేళ్లు కదల్లేదు, ఆయన ఊపిరి కూడా వినబడలేదు. కాసేపు చూసి, అలిఫ్ అని ఆమే చెప్పింది.