ఇంకా రానివాళ్ళ చేతులు

ఉషారాణి చేతిలోంచి స్టీలు గ్లాసు లాక్కున్నప్పుడు క్యాంటీన్ నిండా ఆడవాళ్ళున్నారు. అందరూ చూశారు. ఒక్కరూ నోరెత్తలేదు. ముందు ఆ మాట చెప్పి తీరాలి. ఈ కథలో కంపెనీ పాపం ఎంతుందో, చూసి ఊరుకున్న పాపమూ అంతే ఉంది.

లాక్కున్నవాడు క్యాంటీన్ కాంట్రాక్టరు సురేష్‌బాబు. "స్టీలు గ్లాసులు పాతవాళ్ళకమ్మా. కొత్తవాళ్ళకి పేపరు గ్లాసే. పైనుంచి ఆర్డరు," అన్నాడు. ఆ లాగడంలో వేడి టీ ఉషారాణి మణికట్టు మీద ఒలికింది. అతను అది చూడనట్టే ఒక పేపరు గ్లాసులో రెండు గుక్కల టీ పోసి ఆమె ముందుకి తోశాడు.

కొవ్వూరు దాటాక రోడ్డు పక్కనున్న ఆ ఫ్యాక్టరీలో కార్లకి వైరింగు కడతారు. కారు కొన్నవాడికి ఆ వైర్లు కనపడవు, వాటికి టేపు చుట్టిన వేళ్ళు అసలే కనపడవు. కానీ అతని కారుకి లైటు వెలిగినా, హారన్ మోగినా అది చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ చలవే. యజమాని శ్రీనివాసరాజు గారిది భీమవరం. రొయ్యల చెరువుల్లో సంపాదించి ఈ ఫ్యాక్టరీ పెట్టారు.

ఉషారాణి పక్కనే ఆమె అత్త రెబెక్కా నిలబడి ఉంది. ఫ్యాక్టరీ తెరిచిన నాటినుంచీ ఉన్న మనిషి. ఆమె చేతిలో ఉన్నది స్టీలు గ్లాసు. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే బోర్డు దగ్గర నిలబడి, ఒకే వైర్ల కట్టకి చెరోవైపు నుంచీ టేపు చుడతారు. జీతం మాత్రం అత్తకి ఎంతో, కోడలికి అందులో సగం.

రెబెక్కా ఆ పేపరు గ్లాసు వంక చాలాసేపు చూసింది. ఆమెకి వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. ఊళ్ళో టీకొట్టు చూరులో ఊరవతల పేటవాళ్ళ గ్లాసు వేరుగా దోపి ఉండేది. తాగి, కడిగి, మళ్ళీ ఆ చూరులోనే పెట్టాలి. ఒక రోజు ఆయన, పేట కుర్రాళ్ళూ కలిసి ఆ గ్లాసుల్ని రోడ్డు మీద వేసి పగలగొట్టారు. ఆయన తలా పగిలింది, ఆయన మీదే కేసూ పడింది. కానీ ఆ చూరులోకి గ్లాసు మళ్ళీ ఎక్కలేదు.

"ఆ గ్లాసు మళ్ళీ వచ్చింది," అంది రెబెక్కా. "దాన్ని తెచ్చింది నేనేనే అమ్మాయ్."

ఆమె చెప్పింది నిజమే. రెండేళ్ళ కిందట కంపెనీ యూనియన్‌ని పిలిచి కన్నీళ్ళు పెట్టుకుంది. కార్లు అమ్ముడుపోవట్లేదు, మన దగ్గర సరుకు కొనే పెద్ద కంపెనీ రేటు తగ్గించమంటోంది, లేబర్ ఖర్చు తగ్గకపోతే తాళం వేసుకోవడమే అన్నాడు మేనేజరు శివరామకృష్ణ. జీతాల్లో కోత పెడతామన్నాడు. యూనియన్ ప్రెసిడెంటు శ్యాంబాబు బేరమాడి, గెలిచానంటూ బయటికొచ్చాడు. పాతవాళ్ళ జీతం తగ్గదు. ఇక మీదట చేరేవాళ్ళకి మాత్రం సగమే.

గేటు మీటింగులో ఒప్పుకుంటారా అని అడిగితే అందరూ చేతులెత్తారు. రెబెక్కా ముందు వరసలో నిలబడి ఎత్తింది. ఎవరికీ నష్టం లేదనుకున్నారు. నష్టపోయేవాళ్ళు అక్కడ ఉంటే కదా! ఇంకా పనిలోకి రానివాళ్ళకి, వద్దని ఎత్తడానికి ఆ మీటింగులో చెయ్యి లేదు. తనది కాని కూడు తీసి కంపెనీ కంచంలో వడ్డించడం ఎంత సులువో ఆ రోజు చూడాలి. ఆ తర్వాత రెబెక్కా కొడుక్కి పెళ్ళయింది. కోడల్ని ఈ పనిలో చేర్పించింది కూడా ఆవిడే.

ఆ సాయంత్రం షిఫ్టు దిగాక సైకిల్ షెడ్డులో వాదన మొదలైంది.

"గ్లాసు కోసం గొడవేంటండీ రెబెక్కా గారూ? టీ ఒకటేగా!" అన్నాడు శ్యాంబాబు.

"టీ ఒకటే, పనీ ఒకటే. మరి గ్లాసెందుకండీ వేరు? జీతమెందుకు వేరు?"

"సంతకం పెట్టేం కదండీ. ఇప్పుడు కాదంటే ఎలా?"

"మీరు పెట్టేరు. మేం చేతులెత్తేం. ఈ పిల్లలెవరైనా ఎత్తేరా? వాళ్ళ నోటికాడ కూడు ఇచ్చెయ్యడానికి మనమెవరం?"

పాతవాళ్ళలో పెద్దావిడ అన్నపూర్ణమ్మ కల్పించుకుంది. "ఉన్నమాట అంటాను, కోప్పడకండి. వాళ్ళకీ పెంచమని అడిగితే కంపెనీ మూసేస్తారు. మా ఆయన పక్షవాతమొచ్చి మంచాన ఉన్నాడు. నేనెక్కడికి పోనండీ?"

ఆ భయం అందరి ఇళ్ళలోనూ ఉంది. కంపెనీ యంత్రాల కంటే ఎక్కువగా నమ్ముకున్నది ఆ భయాన్నే.

ఉషారాణి మణికట్టుకి గుడ్డ చుట్టుకుని ఉంది. "పిన్నిగారూ, మామీద జాలిపడొద్దు. మీ గురించి ఆలోచించుకోండి. సగానికి చేసేవాళ్ళతో లైనంతా నిండిపోయేక, మీకు మాత్రం నిండు జీతం ఎందుకిస్తారండీ?"

అన్నపూర్ణమ్మ వెళ్ళి బస్సెక్కేసింది.

మర్నాడు టీ టైముకి రెబెక్కా స్టీలు గ్లాసు ముట్టుకోలేదు. వెళ్ళి కొత్తవాళ్ళ వరసలో చివర నిలబడింది. "నాకూ పేపరు గ్లాసే పొయ్యండి," అంది. సురేష్‌బాబు నవ్వి, "ఏంటండీ, కోడలి మీద అంత ప్రేమా?" అన్నాడు. ఆ నవ్వు పూర్తవకుండానే పాతవాళ్ళలో ఇంకో నలుగురు వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. తర్వాత బల్లలకి బల్లలే ఖాళీ అయిపోయాయి. కాసేపటికి సురేష్‌బాబు దగ్గర పేపరు గ్లాసులు అయిపోయాయి. స్టీలు గ్లాసులు మాత్రం కడిగినవి కడిగినట్టు బోర్లించి ఉన్నాయి. అన్నపూర్ణమ్మ ఒక్కతే తన బల్ల దగ్గర తలొంచుకుని కూర్చుంది.

శివరామకృష్ణ పరిగెత్తుకొచ్చాడు. విషయం విని, చల్లగా నవ్వాడు.

"అందరూ ఒకటేనంటారు! చాలా సంతోషమమ్మా. కంపెనీ కూడా అదే అనుకుంటోంది. వచ్చే నెల నుంచి పాతవాళ్ళకీ కొత్తవాళ్ళకీ ఒకటే జీతం. కొత్తవాళ్ళ జీతమే. ఇష్టం లేనివాళ్ళు రాజీనామా ఇచ్చుకోవచ్చు."

జేబులోంచి నోటీసు తీసి గోడకి అంటించాడు. అప్పటికప్పుడు టైపు చేసింది కాదది. ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది, అంటించడానికి సాకు దొరికింది, అంతే.

ముందుగా కదిలింది అన్నపూర్ణమ్మే. నోటీసు వంక చూడనైనా చూడలేదు. టీ టైము అయిపోయి అప్పుడే మళ్ళీ కదిలిన లైను దగ్గరికి తిన్నగా నడిచి, అత్యవసరమైతే తప్ప ముట్టుకోకూడదని రోజూ చెప్పే ఎర్ర బటన్ మీద అరచేత్తో గట్టిగా ఒక్కటిచ్చింది. కదిలే బోర్డులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏయ్, ఏంటది!" అని అరిచాడు వెనకే వచ్చిన శివరామకృష్ణ.

"మీరు నాకిచ్చిన మాట ఆగిపోయింది కదండీ. నేను మీకిచ్చే పనీ ఆగిపోయింది," అంది అన్నపూర్ణమ్మ. చెయ్యి బటన్ మీదనుంచి తియ్యలేదు.

జనం గేటు బయటికొచ్చి రోడ్డు పక్కన ఎండలో కూర్చున్నారు. "సమాన పనికి సమాన జీతం! అగ్రిమెంటు రద్దు చెయ్యాలి!" అని అరిచి అరిచి గొంతులు పోయాయి. మధ్యాహ్నానికి శ్రీనివాసరాజు గారి కారొచ్చింది. వెనకే పోలీసు వ్యానూ వచ్చింది.

రాజుగారు కోప్పడలేదు. తిన్నగా రెబెక్కా దగ్గరికొచ్చారు. "చూడండమ్మా, పాతవాళ్ళ నోటీసు వెనక్కి తీసుకుంటాను. మీ కోడల్ని ఇవాళే పర్మినెంటు చేస్తాను, నిండు జీతంతో. మిగతా పిల్లల సంగతి తర్వాత చూద్దాం. అందర్నీ లోపలికి తీసుకెళ్ళండి."

రెబెక్కా ఒక్క క్షణం ఆశపడింది. ఇంట్లో అప్పులున్నాయి, కోడలికి నెల తప్పింది. ఒప్పుకుంటే సాయంత్రానికల్లా అన్నీ చక్కబడతాయి. సరిగ్గా రెండేళ్ళ కిందట కూడా ఇలాగే చక్కబడ్డాయి. ఆమె కోడలి వైపు చూసింది.

"నాకొక్కదానికే స్టీలు గ్లాసొద్దండి," అంది ఉషారాణి. "మా అత్తయ్య అప్పుడు నన్నమ్మేసింది. నేనింకొకర్ని అమ్మలేను."

ఆ మాట రెబెక్కాకి చెంపదెబ్బలా తగిలింది. తగిలినందుకు సంతోషించింది కూడా. "విన్నారుగా రాజుగారూ. అందరికీ అయితే చెప్పండి, లేదా దయచెయ్యండి," అంది.

రాజుగారు ఎస్సై వైపు చూశారు. అంతే. రోడ్డు మీద అడ్డంగా కూర్చున్నారని దొంగ కేసు రాసి రెబెక్కానీ, అన్నపూర్ణమ్మనీ రెక్కలు పట్టుకుని వ్యానులోకి తోశారు. ఇక జనం చెదిరిపోతారనుకున్నారు. ఉషారాణి కల్వర్టు గోడెక్కింది.

"ప్రెసిడెంటు గారూ! ఆ రోజు అడిగిన మాట మళ్ళీ అడగండి. ఇప్పుడు మేమూ ఉన్నాం."

జనం చివర్న నిలబడ్డ శ్యాంబాబు పోలీసుల వైపు చూశాడు, తన చెప్పుల వైపు చూశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. "సగం జీతం అగ్రిమెంటు... రద్దు చెయ్యాలనేవాళ్ళు... చేతులెత్తండి."

కొత్త పిల్లల చేతులు ముందు లేచాయి. తర్వాత పాతవాళ్ళవి లేచాయి. అప్పుడే రెండో షిఫ్టు బస్సు వచ్చి ఆగింది. సంగతేంటని కిటికీల్లోంచి అడిగినవాళ్ళు, విన్నవెంటనే దిగకుండానే చేతులు బయటపెట్టారు. శ్యాంబాబు అందరికంటే ఆఖర్న తన చెయ్యీ ఎత్తాడు.

వ్యాను కిటికీ ఊచల్లోంచి కూడా ఒక చెయ్యి బయటికొచ్చింది.

"చెయ్యి లోపల పెట్టమ్మా," అని కసిరాడు కానిస్టేబులు.

"ఉండండి బాబూ, నా ఓటు లెక్కలోకి రావాలి," అంది రెబెక్కా. "పోయినసారి తప్పుగా ఎత్తేను."

వ్యాను కొవ్వూరు వైపు కదిలింది. ఆ చెయ్యి మలుపు దాకా అలాగే ఉంది. ఆ రోజు రెండో షిఫ్టు లోపలికి వెళ్ళలేదు.