మూణ్ణెల్లాయన బరువు

పొద్దున్నే షాపు తలుపులు తీయగానే కళ్ళద్దాలాయన చేసే మొదటి పని అద్దాలు తుడవడం కాదు. సొరుగులోంచి మఖమల్ పరిచిన పెట్టె తీసి, అందులోని వెండి నాణేలని "లేచారా సార్?" అని పలకరించడం. అన్నిటి మీదా ఒకటే ముఖం. ఎప్పుడో రోములో మూణ్ణెల్లపాటు చక్రవర్తిగా ఉండి పోయినాయన ముఖం.

"మూణ్ణెల్లా! పక్కింట్లో అద్దెకు దిగేవాళ్ళు నయం" అనేది ఆయన భార్య. ఆవిడ టైలరు. అదే షాపులో అటు గోడవారగా మిషను వేసుకుని కుట్టేది. మూణ్ణెల్లాయన అని ఆవిడ పెట్టిన పేరే వీధి వీధంతటికీ అలవాటైపోయింది.

పాపం, కుర్చీ వేడెక్కకముందే దిగిపోవాల్సి వచ్చినందుకో ఏమో, ఎవరైనా తొందరపడి వెళ్ళిపోతుంటే మూణ్ణెల్లాయన ఓర్చుకోలేడు. వెళ్ళేవాళ్ళ దగ్గర ఆయన నాణెం ఒకటుంటే చాలు, అది బరువెక్కి కూర్చుంటుంది. ఒకసారి ఆవిడ తమ్ముడు కాఫీ అయినా తాగకుండా, బావ ఇచ్చిన నాణెం జేబులో వేసుకుని బయల్దేరాడు. జేబు చిరిగి, నాణెం గుమ్మంలో పడి, గచ్చు పగిలింది. "కాసేపు కూర్చోమంటే విన్నావా?" అని టైలరమ్మ కేకలేసి జేబు కుట్టిచ్చింది. గచ్చు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పెళ్ళైన కొత్తలో ఆయన ఆవిడకొక నాణెం ఇచ్చాడు. ఆవిడ దాన్ని తన చేతిసంచి లోపలి గుడ్డలో పెట్టి కుట్టేసుకుంది. ఇక మొగుడూ పెళ్ళాలు ఎంత పోట్లాడుకున్నా భయం లేకపోయింది. "పోతున్నా మా అక్క దగ్గరికి!" అని ఆవిడ బట్టలు సర్దుకుని షాపు మెట్లు దిగేది. ఆఖరి మెట్టు మీద సంచి ధబ్బున కూలబడేది. "వీడి మొహం మండ, కదలనివ్వడే!" అని తిట్టుకుంటూ వెనక్కొచ్చి కాఫీ పెట్టేది. ఆయన తలెత్తి చూసేవాడు కూడా కాదు. ఆ చప్పుడు వినబడితే చాలు, మళ్ళీ లెన్సు అరగదీసుకుంటూ కూర్చునేవాడు.

ఆయన పెట్టెలో ఒక్క గుంట మాత్రం ఖాళీ. వెనకవైపు చేతిలో కొమ్మ పట్టుకుని నిలబడ్డ దేవత ఉన్న నాణెం కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నాడు. చివరికది టైలరమ్మకి దొరికింది. ఎక్కడనుకున్నారు? ఇల్లు ఖాళీ చేస్తూ ఒకావిడ ఇచ్చేసిన పాత గుండీల డబ్బాలో! టైలరమ్మ సంబరం ఇంతా అంతా కాదు. కానీ నల్లగా మసిబారినదాన్ని ఆయన పుట్టినరోజు నాడు ఎలా ఇస్తాం చెప్పండి? పళ్ళపొడి వేసి, పాత బ్రష్షుతో తళతళలాడేదాకా తోమింది.

ఆ సాయంత్రం, ఆయనలాగే నాణేల పిచ్చి ఉన్న ఇద్దరు మిత్రులు కూర్చునుండగా, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ముఖం పాలిపోయింది. నాణేలు పోగుచేసేవాళ్ళకి ఆ నలుపే ప్రాణం. వందల ఏళ్ళకి పడుతుంది, ఒక్కసారి తోమితే పోతుంది.

"చంపేశావు! గుండీలు కుట్టుకునేదానివి, నీకెందుకే ఇవన్నీ?" అని అరిచాడు.

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే టైలరమ్మ, ఈసారి తిన్నగా మేడ మీదికెళ్ళి బట్టలు సర్దుకుంది. కిందికొచ్చి, ఎన్నడూ తీసుకెళ్ళని పెద్ద కత్తెర, కొలతల టేపు కూడా సంచిలో వేసుకుంది.

"అక్క వాళ్ళ వీధిగదిలో మిషను వేసుకోమని ఎన్నాళ్ళుగానో అంటోంది. ఇక అక్కడే ఉంటాను" అంది మామూలుగా.

ఆయన కదల్లేదు. ఆఖరి మెట్టు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు. అది వినబడలేదు. బయటికొచ్చి చూస్తే, వీధి మలుపు దగ్గర ఆవిడ సంచి ఊపుకుంటూ నడుస్తోంది. ఈ వెళ్ళడం తొందరపాటు కాదని మూణ్ణెల్లాయనకి కూడా తెలిసిపోయిందన్నమాట.

చెప్పులు మర్చిపోయి పరిగెత్తాడు. బస్టాపు బల్ల మీద, సంచి పక్కన పెట్టుకుని కూర్చునుంది.

"నాణెం తీసేశావా?" అన్నాడు రొప్పుతూ.

"లోపలే ఉంది. చూసుకోండి, మీకు కావలసింది అదేగా."

"కాదే. మూణ్ణెల్లాయన ఆపుతాడులే అని ఇన్నేళ్ళూ కూర్చున్నాను. ఒక్కసారి కూడా నేను లేచి ఆపలేదు. వెళ్ళకు. నలుపు పోతే పోయింది. నువ్వు పోతే నేను బతకలేను."

"గుండీలు కుట్టుకునేదాన్ని, నాతో మీకేం పని?"

"అంత మాట అన్నందుకు నా నోరు పడిపోను. నీ కంట పడింది కాబట్టే అది నాకొచ్చింది. పెట్టెలో మధ్య గుంట దానికే ఇస్తాను, ఆ మెరుపుతోనే."

బస్సొచ్చి ఆగింది. "ఎక్కుతారా అమ్మా?" అన్నాడు కండక్టరు.

ఆవిడ లేచి సంచి పట్టుకుంది. ఆయన పాదాల వంక చూసింది. దుమ్ము కొట్టుకుపోయి, ఒక వేలు చిట్లి నెత్తురు కారుతోంది. సంచి మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"లేదు బాబూ. సంచి బరువెక్కిపోయింది, ఎత్తలేకపోతున్నాను."

బస్సు వెళ్ళిపోయింది. ఆయన వంగి సంచి అందుకున్నాడు. అందులో కత్తెర, బట్టలు, టేపు, గుడ్డలో కుట్టేసిన ఆ నాణెం, అంతే. ఒక్క చేత్తో తేలిగ్గా లేచొచ్చింది. ఆయన దాన్ని మళ్ళీ కింద పెట్టి, నడుం మీద చెయ్యేసుకున్నాడు.

"అబ్బో, నిజమే. నా వల్ల కూడా కాదు."

"మరి? ఒంటి చేత్తో ఎత్తితే నడుం పట్టేస్తుంది" అందావిడ. "అటు పిడి మీరు పట్టుకోండి, ఇటు నేను పట్టుకుంటాను."

ఇద్దరూ చెరో పిడీ పట్టుకుని బయల్దేరారు. దారిలో రెండుసార్లు కింద పెట్టి అలుపు తీర్చుకున్నారు కూడా.